గ్లౌజుల వార్తలో పాట ఏదీ?

బ్రిటిష్ గాయని ఇమోజెన్ హీప్ వేదిక మీద పిడికిలి బిగించి తన గొంతునే లూపుగా పట్టుకుంటారు, చెయ్యి కదిపి ఆ ధ్వనిని మలుస్తారు. ఆమె బృందం రూపొందించిన మిము గ్లౌజుల్లో వేళ్ల వంపునూ చేతి కదలికనూ పసిగట్టే సెన్సర్లుంటాయి. ఆ సంకేతాలు వైర్లు లేకుండా కంప్యూటర్‌కు చేరతాయి. ఆ గ్లౌజులు జనానికి పరిచయమై పదేళ్లు దాటింది. పత్రికలకు మాత్రం అవి ఇంకా మాయాజాలమే, 'రేపటి సంగీతమే'. 2015లో పాప్ గాయని అరియానా గ్రాండే తన టూర్‌లో అవే తొడుక్కుంటే మళ్లీ అదే వరస.

రేపటిదా?

1984లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో సంగీతకారుడు మిషెల్ వైస్విస్ 'ది హ్యాండ్స్' అనే పరికరాన్ని రెండు చేతులకూ తగిలించుకుని సింథసైజర్లను పలికించారు. కళాకారిణి లారీ ఆండర్సన్ డ్రమ్ మెషీన్‌ను విడగొట్టి ఆ భాగాలను దుస్తుల్లో అమర్చుకున్నారు. 1986 నాటి 'హోమ్ ఆఫ్ ది బ్రేవ్' సినిమాలో ఒంటి మీదే దరువు వేశారు. 1991లో సంగీతకారిణి లెటీషియా సొనామీ చేసిన పని మరీ ముచ్చటైనది: గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజులు తెచ్చి, వాటికి సెన్సర్లు, అయస్కాంతం అతికించి వాయిద్యం చేసుకున్నారు. ఇంత చరిత్ర వెతికితే దొరుకుతుంది. వెతికితే 'మొట్టమొదటిసారి' అని రాయడం కుదరదు, అదీ ఇబ్బంది.

కూచిపూడి ప్రదర్శన చూసొచ్చిన సమీక్షకుడు గజ్జెలు ఏ లోహంతో చేశారో రాయడు. అడుగు తాళంలో పడిందో లేదో రాస్తాడు. సెన్సర్ల దగ్గరికొచ్చేసరికి ఆ పద్ధతి తలకిందులవుతోంది. 2014లో లెసియా ట్రుబాట్ రూపొందించిన 'ఈ-ట్రేసెస్' బ్యాలే బూట్లు పాదం ఒత్తిడిని నమోదు చేసి ఫోన్ తెర మీద గీతలుగా చూపేవి. ఆ గీతల బొమ్మలు చాలాచోట్ల అచ్చయ్యాయి. సరే, వాటిని చూసుకుని నర్తకి తన అడుగులో ఏం దిద్దుకుంది? వార్త రాసేవాళ్లు అడగాల్సింది అది.

డబ్బు సంగతీ అంతే. మిము గ్లౌజుల కోసం 2014లో జనం నుంచి నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 2 లక్షల పౌండ్లు అడిగితే ఆ మొత్తం రాలేదు. ప్రశంసలకు కొదవలేని పరికరానికి కొనేవాళ్లు ఎందుకు చాలలేదన్నది ఒక మంచి కథనం. అలాగే సెరిబ్రల్ పాల్సీ ఉన్న సంగీతకారుడు క్రిస్ హాల్పిన్, గిటార్ వాయించడం కష్టమయ్యాక, ఈ గ్లౌజులతో ప్రదర్శనలిస్తున్నారు. ఆయన గురించి రాసేటప్పుడు జబ్బుకు, యంత్రానికి రెండేసి పేరాలిచ్చి పాటకు ఒక వాక్యం విదిలిస్తే అది జాలి, సమీక్ష కాదు.

సొనామీ తన గ్లౌజును రెండు దశాబ్దాలకు పైగా వాయించి, మార్చి మార్చి కట్టించుకుని, చివరికి పక్కన పెట్టేశారు. ఇప్పుడామె చేతిలో ఉన్నది 'స్ప్రింగ్ స్పైర్' అనే మరో వాయిద్యం. దాన్ని ఒంటికి తొడుక్కోనక్కర్లేదు.