‘దేవునికి ఇడిసిపెట్టు బిడ్డా’

1977లో నాకు తొమ్మిదేళ్లు. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లోనే, మేం ‘కాకా’ అని పిలిచే మనిషి నన్నేం చేశాడో ఇక్కడ వివరించను. వివరాలు వింటే తప్ప నమ్మని వాళ్ల కోసం ఈ వ్యాసం రాయడం లేదు. అది ఒక్కనాటితో పోలేదు, రెండేళ్లు సాగిందని మాత్రం చెబుతాను.

నాకు మాట తగ్గిపోయింది. రాత్రయితే ఒణుకు. గాలి సోకిందన్నారు. దిష్టి తీశారు, తాయత్తు కట్టారు. ఏదీ పని చేయకపోతే అమ్మ నన్ను కొండగట్టు తీసుకుపోయింది. మతి చెదిరినవాళ్లను, గాలి పట్టిందనుకున్న వాళ్లను అంజన్న దగ్గర కొన్నాళ్లు ఉంచితే బాగవుతారని మా వైపు ఎప్పటినుంచో నమ్మకం. పదకొండు రోజులు నిద్ర చేశాం. పొద్దున్నే కోనేట్లో స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణలు, రాత్రి సత్రం వసారాలో చాప మీద అమ్మ పక్కన పడుకోవడం. నాలుగో రోజుకు ఒణుకు తగ్గింది. ఎనిమిదో రోజు అన్నం అడిగి తిన్నాను. అంజన్న మహిమ అన్నారందరూ. పన్నెండో రోజు నన్ను మళ్లీ అదే ఇంటికి తీసుకొచ్చారు.

మరుసటేడు మొక్కు తీర్చడానికి వేములవాడ పోయాం. రాజన్నకు కోడెను కట్టాం. గుడి చుట్టూ ఆ కోడె పగ్గం పట్టుకుని నడిచింది కాకే. ‘పిల్ల బాగైంది, అంతా రాజన్న దయ’ అని అందరికీ బెల్లం పంచింది కూడా ఆయనే.

పందొమ్మిదేళ్లప్పుడు ధైర్యం చేసి అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండా అంది: “నాకు తెల్వదా బిడ్డా? ఏం జేద్దు నేను? దేవునికి ఇడిసిపెట్టు.”

ఆ మాట మీద అమ్మతో నాకు తగాదా లేదు. ఆ ఇంట్లో ఆమె పేరిట గజం జాగా లేదు. నలుగురు పిల్లలతో బయటికొస్తే తలదాచుకునే చోటు లేదు. తన చేతుల్లో ఏమీ లేని మనిషి బరువును దేవుని చేతుల్లో పెట్టింది. నా తగాదా అన్నీ చేతుల్లో ఉండి కూడా అదే మాట చెప్పేవాళ్లతో. ఆ తర్వాతి నలభై ఏళ్లలో పూజారి, పాస్టరు, ఆశ్రమంలో స్వామీజీ, యోగా నేర్పే మేడమ్, చదువుకున్న బంధువులు ఇదే మాటను రకరకాల భాషల్లో చెప్పారు. కర్మ అన్నారు. క్షమిస్తే నీకే శాంతి అన్నారు. గతాన్ని తవ్వుకోవద్దన్నారు. ఇన్ని నోళ్లలోనూ ఆ మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

కొండగట్టులో నాకు నయం కావడం అబద్ధం కాదు. ఎందుకు నయమైందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన ‘ట్రామా అండ్ రికవరీ’ చదివినప్పుడు అది తెలిసొచ్చింది. కోలుకోవడంలో మొదటి మెట్టు భద్రత అంటుందామె. గుర్తు చేసుకోవడం, దుఃఖించడం, మళ్లీ మనుషుల్లో కలవడం అన్నీ ఆ తర్వాతే. ఆ పదకొండు రాత్రులూ నా పక్కన అమ్మ ఉంది, ఆ మనిషి లేడు. చుట్టూ పడుకున్నవాళ్లంతా ఏదో ఒక బాధతో వచ్చినవాళ్లే కాబట్టి నా ఒణుకును ఎవరూ వింతగా చూడలేదు. గుడి నాకు ఇచ్చింది ఇదీ. దాన్ని నేను తక్కువ చేయను. కానీ పన్నెండో రోజు పిల్లను ఎక్కడికి పంపుతున్నామని అక్కడ ఎవరూ అడగలేదు. విశ్వాసం ఆగిపోయేది ఆ ప్రశ్న దగ్గరే.

నాది అరుదైన కథ అనుకునేవాళ్లు కేంద్ర ప్రభుత్వ మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం చూడండి. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడితే 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురయ్యామన్నారు. హింసించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పనే లేదు. అంటే ‘క్షమించు’ అనే ఉపదేశం మన దగ్గర చాలాసార్లు ‘అదే ఇంట్లో, అదే పంక్తిలో కూచుని అన్నం తిను’ అనే ఆజ్ఞ అవుతుంది.

ఆ ఆజ్ఞకు మతం ముద్ర ఎంత గట్టిగా పడగలదో తెలియాలంటే జోగినీ స్త్రీలను అడగాలి. మా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఎల్లమ్మ పేరనో, పోచమ్మ పేరనో దళిత ఇళ్లలోని ఆడపిల్లలను చిన్నతనంలోనే దేవతకు వదిలేశారు. ఈడేరాక ఆ పిల్ల ఊరి పెద్దల సొత్తయింది. నా విషయంలో దేవుణ్ణి నేరాన్ని కప్పిపెట్టడానికి వాడుకున్నారు, వాళ్ల విషయంలో నేరం చేయడానికే వాడుకున్నారు. మాకు పొరుగునే ఉన్న నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో జాషువా కూతురు హేమలతా లవణం 1980లలో ఈ స్త్రీల మధ్య పని చేసింది. వాళ్ల కోసం ‘చెల్లి నిలయం’ నడిపింది. 1988లో జోగినీ, దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. అయినా చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వం వేసిన రఘునాథరావు కమిషన్ రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 80,000 మంది ఈ వ్యవస్థలో ఉన్నారని లెక్క చెప్పింది. పిల్లను వదలడాన్ని నేరమన్న చట్టం, ఆ పిల్ల పెద్దయ్యాక ఏం పట్టుకుని బతకాలో చెప్పలేకపోయింది.

ఆ స్త్రీలలో చాలామంది ఎల్లమ్మను వదల్లేదు. బోనాలప్పుడు ముందు నడుస్తారు, పట్నాల దగ్గర ఆడతారు. దీన్ని చూసి మన వాళ్లు కొందరు నొసలు చిట్లిస్తారు, ఇంకా చైతన్యం రాలేదంటారు. నాకలా అనిపించదు. ఎల్లమ్మ ఎవరు? రేణుక. భర్త ఆజ్ఞతో కన్నకొడుకు తల నరికిన స్త్రీ. ఇంట్లోవాళ్ల చేతిలో నరకబడి, మాతంగుల మధ్య మళ్లీ లేచి నిలబడిన స్త్రీని ఒక జోగిని కొలుస్తుంటే, ఆమెకు ఆ దేవతలో ఏం కనిపిస్తోందో మనం అడిగామా? తన పేరు చెప్పి పిల్లల్ని చెరబట్టిన పటేళ్లకు ఎల్లమ్మ జవాబుదారీ కాదు. తప్పు దేవతదా, పటేలుదా అన్నది ఆ స్త్రీకి మనకంటే బాగానే తెలుసు.

వేములవాడలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుండగా శివసత్తులు, జోగినీలు, హిజ్రాలు తలంబ్రాలు పోసుకుని శివుణ్ణి పెళ్లాడతారు. ఊళ్లో చోటులేని వాళ్లందరికీ ఆ పూట గుడి ముంగిట చోటుంటుంది. ఆ ఒక్క పూటకే.

శిగం సంగతీ అంతే. చిన్నప్పుడు మా వాడలో ఒకామెకు పట్నాల రాత్రి శిగమొచ్చింది. జుట్టు విరబోసుకుని ఊగుతూ, “పసిదాన్ని ఆగం జేసిండ్రు, నా ఇంట్ల దీపం బెట్టకుండ్రి” అని ఒకాయన్ని చూపిస్తూ అరిచింది. ఆయన ఆమె సొంత పెదనాన్న. జనం బెదిరిపోయి సాక పోశారు, నిమ్మకాయలు కోశారు, తల్లీ శాంతించు అని మొక్కారు. తెల్లారి ఆమె బావి దగ్గర నీళ్లు తోడుతుంటే ఒక్కరు కూడా రాత్రి మాట ఎత్తలేదు. రాత్రి మాట్లాడింది అమ్మవారు కదా! ఆమె చెప్పింది ఊరంతా విన్నది, ఆమె చెప్పినట్టుగా ఎవరూ వినలేదు. శిగం ఆమెకు గొంతునిచ్చి, ఆ గొంతు మీద ఆమె పేరు లేకుండా చేసింది. ఆ రాత్రి నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. నాకూ శిగమొస్తే బాగుండునని అనుకున్నాను.

చర్చిలోనూ ఇదే చూశాను. మంచిర్యాల బొగ్గు గనుల కాలనీలో పెరిగిన స్నేహితురాలికి ప్రార్థనే ఊపిరి. తండ్రి వరసైన మనిషి చేసింది చెప్పుకుంటే, డెబ్బై ఏళ్ల మార్లు క్షమించమన్నాడు కదా ప్రభువు అని ఆమెకు బుద్ధి చెప్పారు. ఆ మాట మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయం మొదట్లో, చిన్నపిల్లలకు కీడు చేసినవాడు మెడకు తిరుగటిరాయి కట్టుకుని సముద్రంలో మునగడమే మేలని ఉంది. నడుమ, తప్పు చేసినవాణ్ణి మొదట ఒంటరిగా, వినకపోతే సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందు నిలదీయాలని ఉంది. చివర్న క్షమ ఉంది. ఆమెకు చివరి భాగమే చదివి వినిపించారు. గ్రంథాన్ని పూర్తిగా చదవమని అడిగినందుకు ఆమెను అహంకారి అన్నారు. ఆమె చర్చి మానలేదు. తన అధ్యాయాన్ని మొదటి నుంచీ తానే చదువుకుంటోంది.

ఇక మన సంగతి మాట్లాడుకోవాలి. ఒక సాహిత్య సభలో నేను ఈ విషయం మీద కవిత చదివాక, నేనెంతో గౌరవించే ఒక హేతువాద మిత్రురాలు పక్కకు పిలిచి, “ఇంత రాసి ఇంకా కొండగట్టు పోతావా?” అంది. పూజారి నా కోపాన్ని వదులుకోమన్నాడు, ఆమె నా దేవుణ్ణి వదులుకోమంది. నాలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఇద్దరూ నన్నడగకుండానే తేల్చేశారు. చిన్నప్పుడు నా దేహం విషయంలో జరిగిందీ ఇదే కదా! గుడి కాదు, కౌన్సెలరు కావాలంటాం. నిజమే, నాకు కౌన్సెలరు వల్ల మేలు జరిగింది. కానీ యాభై దాటాక, హైదరాబాద్‌లో, జీతం ఉంది కాబట్టి దొరికింది. ఉట్నూరు అడవిలోని ఒక కోలాం పిల్లకు ఆమె భాషలో వినే కౌన్సెలరు దొరికేదాకా ఆమె దేవతను చూసి నవ్వే హక్కు మనకు లేదు.

అలాగని విశ్వాసానికి బేషరతు మినహాయింపు ఇవ్వమనడం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. కంటికి కనిపించే గొలుసును చట్టం తీసేస్తుంది. క్షమించకపోతే నీకు ముక్తి లేదనే గొలుసును మనమే తెంపుకోవాలి.

ఆ గొలుసు ఖరీదేమిటో నాకు తెలుసు. 2009లో కాక చనిపోయాడు. పదో రోజు దినంలో ఊరంతా దేవునిలాంటి మనిషి అంటోంది. వెనక అర్రలో మా అక్క బిడ్డ గోడకు ఆనుకుని కూచుని ఒణుకుతోంది. ఆ ఒణుకు నేను గుర్తుపట్టాను. 1994లో దానికి ఎనిమిదేళ్లు. అంటే నేను దేవునికి ఇడిసిపెట్టిన ఏడేళ్లకు. నా క్షమ నా సొంత వ్యవహారమని అందరూ చెప్పారు. అది ఇంకో పిల్ల బతుకు మీద పడే సంగతి ఎవరూ చెప్పలేదు. నేరం ఆయనదే, నాకు తెలుసు. అయినా ఆ ఏడేళ్ల లెక్క నన్ను వదలదు.

2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. అందులో పూజారికీ పాస్టరుకీ మౌల్వీకీ మినహాయింపు లేదు. అంతకు ముందు జరిగిన మా వంటి వాళ్ల గతానికి ఆ చట్టం వర్తించదు. ఆయన చనిపోయాక నాకు కోర్టూ లేదు. హెర్మన్ 2023లో రాసిన ‘ట్రూత్ అండ్ రిపేర్’లో బాధితులు చాలామంది శిక్ష కంటే ముందు కోరేది, జరిగింది నిజమని తమ సమాజం ఒప్పుకోవడం, సిగ్గును చేసినవాడి మీద పెట్టడం అంటుంది. అది ఊరు ఇవ్వగలదు, గుడి ఇవ్వగలదు, చర్చి ఇవ్వగలదు. ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు.

అందుకే స్వస్థత ఇస్తామనే ప్రతి మతాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇక్కణ్ణుంచి ఈ పిల్ల ఏ ఇంటికి పోతుంది? ఆ మనిషి పేరు ఇక్కడ పైకి చెప్పవచ్చా? ఆమె క్షమించనంటే అప్పుడు కూడా మీ దేవుడు ఆమెవాడేనా? జవాబు చెప్పగలిగిన విశ్వాసంతో నాకు పేచీ లేదు. చెప్పలేనిది ఎంత తీయగా మాట్లాడినా అది కాక పంచిన బెల్లమే.

ఇప్పుడు కొండగట్టు జగిత్యాల జిల్లాలో ఉంది. మా అక్క బిడ్డా నేనూ ఏడాదికొకసారి పోతాం. మొక్కులేమీ లేవు. ఒక రాత్రి నిద్ర చేస్తాం. అది నా పక్కనే పడుకుంటుంది. చీకట్లో మేమిద్దరం ఆ మనిషి గురించి అసలు పేరుతో మాట్లాడుకుంటాం. అంజన్న వింటూ ఉంటాడు. దేవునికి మేం ఇడిసిపెట్టిందేమీ లేదు, చెప్పుకుంటున్నాం, అంతే.