కాపలా ఎవరికి? కన్ను ఎవరి మీద?

"సారూ, కాలం బాగాలేదు. గడపకు కెమెరా బెల్లు పెట్టించుకోండి. మీట నొక్కినోడి మొకం మీ ఫోన్లోకి వొచ్చిద్ది. మీరు బళ్లో ఉన్నా, కనిగిరిలో ఉన్నా వాడితో మాట్లాడొచ్చు." ఈ మధ్య మా స్టాఫు రూములో ఒక తోటి పంతులు మాకిచ్చిన సలహా ఇది. మంచి మనసుతోనే చెప్పాడు. పదిహేను రోజులు మేం ఇంట్లో దీని మీద తర్జనభర్జన పడ్డాం. ఒక బెల్లు కొనాలా వొద్దా అనేదానికి ఇంత రాద్ధాంతమా అని కొందరు నవ్వొచ్చు. నవ్వేవాళ్లని ఏనాడూ ఎవరూ గడప బయట నిలబెట్టలేదు. మమ్మల్ని నిలబెట్టారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మా అమ్మానాయన కాపురమున్న కొట్టానికి తడికే తలుపు. అది కుక్కలు రాకుండా కట్టుకున్నది. దొంగకు అక్కడ దొరికేదేముంది? సట్టిలో సంగటి, దండెం మీద రెండు గుడ్డలు. తర్వాత కాలనీ ఇల్లు వొచ్చింది. మేం నాలుగక్షరాలు నేర్చుకుని, మా వంశంలో మొదటిసారి డిగ్రీ చేతబట్టి, పంతులు ఉద్యోగం తెచ్చుకుని, బ్యాంకులో అప్పు చేసి, వెలిగండ్లలో రెండు గదుల స్లాబు వేశాం. టేకు తలుపు పెట్టాం. తలుపుతో పాటే భయమూ వొచ్చింది. దాచుకోవాల్సిన పని లేదు. వాకిట్లో మోటారు సైకిలుంది, బీరువాలో ఆడపిల్ల కోసం చేయించిన రెండు సవర్ల బంగారముంది.

మొన్న వేసవిలో మా వీధిలో ఒక ఇంటి తాళం పగిలింది. ఇంటివాళ్లు హైదరాబాదులో తాపీ పనికి పోయున్నారు. మా పశ్చిమ ప్రకాశం పల్లెల్లో చాలా తలుపులకు ఏడాదిలో ఎక్కువ నెలలు తాళాలే. వానల్లేవు. బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఒక తరం ముసలిదైపోయింది. అట్టా వలసపోయినోళ్లలో కొందరు పట్నంలో అపార్టుమెంట్లకు వాచ్‌మెన్లు. ఊరోళ్ల ఇళ్లకు వీళ్లు కాపలా. వీళ్ల ఇళ్లకు తుప్పు పట్టిన తాళం కాపలా!

కాబట్టి భయం నిజమే. మేమడిగేది ఒక్కటే. ఆ భయానికి మందు ఈ కెమెరా బెల్లేనా? ఈ కన్ను ఎవర్ని చూడటానికి?

దొంగ మొకం ఎవరిది?

ఊళ్లో ఏది పోయినా వెతుకులాట పల్లెలో మొదలుపెట్టడం మన పెద్దలకు అనుభవమే. ఈ అలవాటుకు ఒకప్పుడు చట్టమే అండగా ఉండింది. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల సోదరుల్ని స్టువార్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి, పశువుల్ని లెక్కబెట్టినట్టు లెక్కబెట్టారు. తప్పు చేసినందుకు కాదు, ఆ కడుపున పుట్టినందుకు! 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది, చూపు పోయిందా? రద్దయిన 72 ఏళ్ల తర్వాత, 2024 అక్టోబర్ 3న, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనల్ని సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వొచ్చింది. జైల్లో పాయిఖానా కడిగే పని కూడా కులం చూసి ఇచ్చే దేశం మనది.

ఇప్పుడు కెమెరా సంగతి చూడండి. దానికి దొంగతనమంటే ఏంటో తెలవదు. కదలిక తెలుసు. కదిలింది మనిషో మేకో చెప్పే యంత్రాలు కూడా వొచ్చాయి. ఆ మనిషి దొంగా దొరా అని తేల్చేది మాత్రం ఫోను పట్టుకున్నోడి బుర్రే. బుర్రలో కులముంటే కెమెరాకూ కులముంటుంది. చింపిరి జుట్టుతో, భుజాన గోతాంతో ప్లాస్టిక్కు ఏరుకునే పిల్లోడు వీధిలో రెండుసార్లు తిరిగితే అది 'అనుమానాస్పద కదలిక'. తెల్లచొక్కా వేసుకుని కారులో వొచ్చి కాలనీ స్థలం కాజేసినోడిది ఏ కెమెరాకూ అందని కదలిక!

తెరుచుకోని తలుపు

మా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట పిల్లల చదువు కోసం ఒక పట్నంలో అద్దె ఇల్లు వెతికాం. టు-లెట్ బోర్డు చూసి ఒక ఇంటి ముందు నిలబడి మీట నొక్కాం. గోడలోంచి గొంతు వొచ్చింది. "ఎవరండీ?" చెప్పాం. "ఏం చేస్తారు?" చెప్పాం. గవర్నమెంటు ఉద్యోగమనగానే గొంతు మెత్తబడింది. "ఎంతమంది?" చెప్పాం. చివరికి అసలు ప్రశ్న. "మీరేమిటోళ్లు?" అదీ చెప్పాం. మేం దాచుకోం. కాసేపు ఏమీ పలకలేదు. తర్వాత "ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ" అంది గొంతు. బోర్డు అట్టాగే వేలాడుతోంది. నెల తర్వాత కూడా వేలాడుతూనే ఉంది.

ఇది కొత్త సంగతా? 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన బాబాసాహెబ్ అంబేడ్కర్‌కే తలదాచుకోను చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉంటే, సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వొచ్చి వెళ్లగొట్టారు. అమెరికాలో పెద్ద చదువు చదివొచ్చిన మనిషిని! ఆనాడు కర్రలు పట్టుకొచ్చినోళ్లు కనీసం ఎదురుగా నిలబడ్డారు. మొకాలు కనపడ్డాయి. మాకు మొకం కూడా కనపడలేదు. వాళ్లు మమ్మల్ని నెత్తినుంచి కాళ్లదాకా చూశారు. మేం చూసింది గాజు గుండీని. తాకకుండా, ఎదురుపడకుండా, గొంతు పెంచకుండా అంటరానితనం పాటించే సదుపాయం ఈ యంత్రంలో ఉంది. రెండు గ్లాసుల పద్ధతిని హోటల్లో పట్టుకున్నాం, కేసులు పెట్టాం. గోడలోని గొంతు మీద కేసు ఎట్టా పెట్టేది?

ఇదే బెల్లును మా గోడకు బిగించాలా?

పుట్టింది ఎవరి చేతిలో, చేరింది ఎవరి చేతికి?

ఒక సంగతి విని మేమే ఆశ్చర్యపోయాం. ఈ గడప కెమెరాకు తల్లి ఒక నల్లజాతి స్త్రీ. పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్కులో నర్సు. రాత్రిపూట ఒంటరిగా ఉండాల్సొచ్చేది. పిలిస్తే పోలీసులు వేళకు రారు. అందుకని భర్తతో కలిసి తలుపు కంతల్లోంచి బయటి మనిషిని టీవీలో చూపించే కెమెరా, మాట్లాడే మైకు, మీట నొక్కితే తలుపు తీసే ఏర్పాటు తయారుచేసి 1966లో పేటెంటు అడిగింది. 1969లో వొచ్చింది. పోలీసు కాపాడని మనిషి తన్ను తాను కాపాడుకోవడానికి కనిపెట్టింది అది.

తర్వాత ఏమైంది? అమెరికాలో రింగ్ అనే బెల్లు కంపెనీని 2018లో అమెజాన్ కొన్నది. రెండు వేలకు పైగా పోలీసు శాఖలు ఆ కంపెనీతో చేతులు కలిపాయి. వారంటు లేకుండానే యాప్‌లో జనాన్ని వీడియోలు అడిగే పద్ధతి నడిచింది. గొడవయ్యాక 2024 జనవరిలో దాన్ని ఎత్తేస్తామని కంపెనీ ప్రకటించింది. ఇంకోటి వినండి. ఆడవాళ్ల ఇళ్లలోని కెమెరా వీడియోలను కంపెనీ ఉద్యోగే చూశాడని 2023 మేలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 58 లక్షల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. నల్ల నర్సు తన రక్షణకు కనిపెట్టిన కన్ను పోలీసుకు, కంపెనీకి కన్నయింది. కెమెరా మన గోడకుంటే చాలదు అన్నలారా. బొమ్మ ఎవరి పెట్టెలో దాగుతుందో అదీ అడగాలి.

మన దేశంలో? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. అది సొంత ఇంటి అవసరానికి మనిషి వాడుకునే దానికి వర్తించదు. అంటే ఎదురింటోళ్ల గడపను రాత్రింబగళ్లు పట్టే మన బెల్లును ఆ చట్టం కింద అడిగే దిక్కు లేదు. పల్లె ఇరుకు సందుల్లో మన వాకిలంటే ఎదురింటి అక్క వాకిలి కూడా. ఆమె ఎప్పుడు బయటికి పోయింది, ఎవరొచ్చారు, కూతురు ఎన్నింటికి ఇంటికి చేరింది, ఇవన్నీ మా ఫోన్లో ఉండాలా? ఉద్యోగం రాగానే సొంత పల్లె మీద కాపలా పెట్టుకునే పంతుళ్లమా మేం?

మరి సాక్ష్యమో?

ఇక్కడ మా మిత్రులే మమ్మల్ని నిలదీశారు. "అన్నా, మన మాట ఎవరు నమ్ముతున్నారు? కెమెరా ఉంటే నమ్ముతారు కదా." ఇది కొట్టిపారేసే మాట కాదు. అప్పటి ప్రకాశం జిల్లాలోనే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగ సోదరుల్ని చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. కళ్లతో చూసినోళ్ల మాట చాల్లేదు. కాబట్టి సాక్ష్యం కోసం ఆకలిగొన్న జాతి మనది. ఆ ఆకలి మాకు తెలుసు.

చట్టం కూడా గడప దగ్గరే గీత గీసింది. కులం పేరుతో తిడితే అది 'పదిమందికి కనపడే చోట' జరగాలి. ఇంటి గేటు ముందు తిట్టినా అది పదిమందికి కనపడే చోటేనని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు తిడితే ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. కాబట్టి గేటు ముందుకొచ్చి తిట్టిపోయినోడిని పట్టిచ్చే కెమెరాకు విలువుంది. ఊరికే ఫోన్లో చూపిస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమలైన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్టు కావాలి. అసలు రికార్డు చెడగొట్టకుండా దాచాలి.

అయితే కెమెరా ఆపుతుందని ఎవరూ భ్రమపడొద్దు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆస్పత్రి ముందు నరికితే కెమెరా చూసింది. ఆపలేదు. తీర్పు 2025 మార్చిలో వొచ్చింది. ఇంకో సంగతి. ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు పెట్టాలని, మాట కూడా రికార్డు కావాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 2న ఆదేశించింది. అయిదేళ్లకు, 2025 సెప్టెంబర్‌లో, అవి పనిచేయడంలేదన్న వార్తలు చూసి కోర్టే మళ్లీ కేసు చేపట్టాల్సి వొచ్చింది. పేదోడి వీధి కెమెరా పనిచేస్తుంది, లాకప్పు కెమెరా చెడిపోతుంది! కన్ను ఎవరి మీదో ఇంకా విడమర్చి చెప్పాలా?

మా నిర్ణయం

మేం కొనలేదు. నాలుగైదు వేల నుంచి పది వేల దాకా పెట్టి కొన్నా, కరెంటు పోతే ఇంట్లో నెట్టు పోతుంది, నెట్టు పోతే ఫోనుకు బొమ్మ రాదు. దొంగ కరెంటున్నప్పుడే వొస్తానని రాసిచ్చాడా? ఆ డబ్బుతో మంచి గడియ, లోపలి తాళం, వాకిట్లో లైటు పెట్టించాం. వలసపోయిన ఇళ్ల తాళాలు రోజుకోసారి చూసే వంతు వీధి కుర్రాళ్లు తీసుకున్నారు. ఊరికి పోయేవాళ్లు అడిగితే తాళమేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటు మన రాష్ట్రంలో వొచ్చింది. అది పల్లెకూ రావాలని అడుగుతాం.

అందరూ మాలాగే చెయ్యాలని అనం. ఒంటరి ఆడబిడ్డకు, కులాంతర పెళ్లి చేసుకుని ప్రాణభయంతో బతికే జంటకు, అట్రాసిటీ కేసులో సాక్షికి బెదిరింపులొస్తుంటే కొనాల్సిందే. చందాలేసుకుని మనమే కొనివ్వాలి. అది మేరీ బ్రౌన్ కన్ను. అయితే కన్ను సొంత గడప మీదే ఉండాలి. బొమ్మ కంపెనీ పెట్టెలో కాకుండా ఇంట్లోని మెమరీ కార్డులో ఉండాలి. పాస్‌వర్డు మార్చుకోవాలి. ఇక్కడ కెమెరా ఉందని బోర్డు పెట్టాలి. అడిగినోడికల్లా, పోలీసైనా సరే, రాతకోతల్లేకుండా వీడియో ఇవ్వొద్దు.

ఇక కెమెరాలు కావాల్సింది యాడ? పోలీసు స్టేషన్లలో. అక్కడ కెమెరా ఉందని బోర్డు కనపడాలని, దెబ్బలు తిన్నోడికి ఆ రికార్డు దాచిపెట్టమని అడిగే హక్కుందని 2020 తీర్పే చెప్పింది. మన స్టేషన్లో ఆ బోర్డుందా? పోయి చూడండి. కలిసి పోండి. అట్రాసిటీ కేసుల విచారణ మొత్తం వీడియో తియ్యాలని 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న 15ఏ సెక్షన్ చెబుతోంది. తీస్తున్నారా? అడగండి.

వెయ్యేళ్లు మన మీద కాపలా కాశారు. ఊరి గడప తొక్కనీయకుండా కాశారు. ఇప్పుడు మన చేతికి ఒక గడప వొచ్చింది. మా గడపకు చెక్క తలుపుంది, గడియుంది, ఎదురింటి అక్క ఉంది. ఎవరొచ్చి తలుపు కొట్టినా మేమే తీసి, ఎదురుగా నిలబడి, ఎవరని అడుగుతాం. ఏమిటోళ్లని మాత్రం అడగం.

జై భీమ్!