కార్డు ధర కూడా చదువు ఖర్చే

గ్రాఫిక్స్ కార్డుల ధరలు పెరిగాయంటే “ఆటలాడుకునే కుర్రాళ్ళ గోల, మనకెందుకు?” అనేవారే ఎక్కువ. ఆ మాటతో నేను ఏకీభవించను. అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా ఉన్న శిక్షణ సంస్థల బోర్డులు చదివితే చాలు, ఈ భారం ఎవరి నెత్తిన పడుతున్నదో తెలుస్తుంది.

ఒకప్పుడు ఇక్కడికి జావా, ఒరాకిల్ నేర్వ వచ్చిన జిల్లాల విద్యార్థులకు మామూలు కంప్యూటరు సరిపోయేది. ఒకే గదిలో ఉండేవారు కలిసి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాలు కొని, బిగించుకుని, వంతులవారీగా వాడుకునేవారు. నేడు అవే వీధుల్లో యానిమేషన్, వీఎఫ్ఎక్స్, కృత్రిమ మేధ నేర్పుతున్నారు. ఈ చదువులకు కార్డు విలాసం కాదు, పలక. విడిభాగాల చీటీలో అతిపెద్ద అంకె దానిదే.

లెక్క చూద్దాం. 2016లో ఎన్‌విడియా జీటీఎక్స్ 1070 ప్రారంభ ధర 379 డాలర్లు; నాటి మారకంలో సుమారు 25 వేల రూపాయలు. 2025లో అదే వరుసలోని ఆర్‌టీఎక్స్ 5070 ధర 549 డాలర్లు, అంటే సుమారు 48 వేలు. పైన 18 శాతం జీఎస్టీ. డాలర్లలో సగం కూడా పెరగని ధర, రూపాయి పతనంతో మనకు దాదాపు రెట్టింపైంది.

నడుమ 2017-18లోనూ, 2020-21లోనూ క్రిప్టో నాణేల ‘తవ్వకం’ చేసేవారు కార్డులను ఎగరేసుకుపోయారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ పద్ధతిని మానుకోవడంతో ఆ బెడద తగ్గింది. దాని స్థానంలో కృత్రిమ మేధ గిరాకీ వచ్చి కూర్చుంది. 2020 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్‌విడియా రాబడిలో సగం గేమింగ్‌దే. 2025 జనవరితో ముగిసిన సంవత్సరానికి అది పదోవంతు కూడా లేదు. ఒక్క కార్డు కొనేవాడి మొర ఇక ఆ కంపెనీ చెవికెక్కుతుందా?

గంటల లెక్కన క్లౌడు అద్దెకు దొరుకుతుంది కదా అనవచ్చు. మీటరు తిరుగుతుంటే ప్రయోగాలు చేసే ధైర్యం రాదు. పదిసార్లు చెడగొట్టనిదే ఈ విద్య పట్టుబడదు.

బ్లెండర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్టువేరు. పనిముట్టు ఉచితం, దాన్ని నడిపే యంత్రమే అందని పండు! ధరలు మన చేతిలో లేవు. తరగతులయ్యాక ఖాళీగా ఉండే ల్యాబులను రాత్రిపూట విద్యార్థులకు తెరిచి ఉంచడం మాత్రం శిక్షణ సంస్థల చేతిలోనే ఉంది. ఫీజు పుచ్చుకున్నవారికి ఆ బాధ్యత ఉందని నా అభిప్రాయం. లేకుంటే తెలివికన్నా ముందు తండ్రి జేబును పరీక్షించే చదువుల్లో ఇదీ ఒకటవుతుంది. అమీర్‌పేటకు పేరొచ్చింది అలాంటి చదువులు చెప్పి కాదు.