ఫార్మాట్ కొట్టడం మరమ్మతు కాదు

ట్రయల్ వెర్షన్ ఒకటి వేసి, గడువు తీరాక తీసేస్తే, అప్పటిదాకా చక్కగా నడిచిన పాత ఫొటోషాప్ మొరాయించడం డిజైన్ పనిలో ఉన్నవారికి కొత్త కాదు. దానికి డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుల్లో చెప్పే మందూ కొత్తది కాదు: సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయించండి. ఈ సలహాకు ఆధారం రెండు నమ్మకాలు. అన్‌ఇన్‌స్టాల్ చేశాం కనుక ట్రయల్ మొత్తం పోయిందన్నది ఒకటి. ట్రయల్ పోయింది కనుక చెడింది విండోసే అన్నది రెండోది. రెండూ తప్పే.

ట్రయల్ పూర్తిగా పోదు. పోకుండా ఉండేలాగే దాన్ని తయారుచేస్తారు. 30 రోజుల గడువు అయ్యాక తీసేసి మళ్లీ వేసుకుంటే ఇంకో 30 రోజులు దొరకకూడదన్నది కంపెనీ పట్టుదల. అందుకే ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్న లెక్కను ప్రోగ్రాం ఫోల్డరులో కాక, మామూలుగా కంటపడని మరోచోట రాసిపెడతారు. అన్‌ఇన్‌స్టాలర్ దాని జోలికి పోదు. చిక్కల్లా ఏమిటంటే, డబ్బు పెట్టి కొన్న వెర్షన్ లైసెన్సు లెక్క కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

2007లో వచ్చిన అడోబీ సీఎస్3 సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఆ తరం ప్యాకేజీల లైసెన్సును పరీక్షించేది ఫొటోషాప్ కాదు, ఫ్లెక్స్‌నెట్ లైసెన్సింగ్ సర్వీస్ అనే వేరే ప్రోగ్రాం. ప్రోగ్రామ్‌డేటా అనే హిడెన్ ఫోల్డరులో, ఫ్లెక్స్‌నెట్ పేరుతో ఉన్న చోట అది తన లెక్కలు దాచుకుంటుంది. ఆ సర్వీసు డిసేబుల్ అయినా, ఆ లెక్కల ఫైలు పాడైనా, ఫోల్డరు పర్మిషన్లు మారినా తెరమీద కనిపించేది ఒకటే: ఈ ప్రొడక్టుకు లైసెన్సింగ్ పనిచేయడం ఆగిపోయిందన్న సందేశం. కాబట్టి ముందు చూడాల్సింది విండోస్ సర్వీసుల జాబితా. అందులో ఆ పేరు ఉందా, ఉంటే డిసేబుల్ అయి ఉందా? రెండు నిమిషాల పని. అప్పటికీ తేలకపోతే, ఇలాంటి లోపం కోసమే అడోబీ లైసెన్స్ రికవరీ అనే చిన్న టూల్ ఇచ్చింది. తయారుచేసిన కంపెనీయే జబ్బుకు పేరు పెట్టి మందు ఇచ్చాక, విండోస్ మీద నేరం మోపడం అన్యాయం.

ఫార్మాట్ కన్నా తెలివైనదిగా చలామణీ అయ్యే ఇంకో సలహా ఉంది: ఆ ఫ్లెక్స్‌నెట్ ఫోల్డరునే డిలీట్ చేసెయ్యడం. అది అడోబీ సొంత ఆస్తి కాదు. ఆటోడెస్క్ కూడా చాలా ఏళ్లపాటు అదే పద్ధతి వాడింది. ఆటోక్యాడ్ లైసెన్సు ఫైళ్లూ ఆ ఫోల్డరులోనే ఉండేవి. ఫొటోషాప్‌ను బాగుచేయబోయి ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే ప్రోగ్రాంను మూయించడం ఈ సలహా ఫలితం. ఫైలు పేరు చూసి, ఏ కంపెనీదో తెలుసుకుని, డిలీట్ చేయకుండా పేరు మార్చి చూడటం పద్ధతి.

ఫార్మాట్‌వాదులు వినని సంగతి ఒకటుంది. ఫ్లెక్స్‌నెట్ తన గుర్తును ఫోల్డరులో మాత్రమే కాదు, హార్డ్‌డిస్క్ మొదటి ట్రాకులో, ఏ పార్టిషన్‌కూ చెందని సెక్టార్లలో కూడా రాసేది. లినక్స్ వేసుకునేవారికి ఇది బాగా తెలుసు. 32వ సెక్టారును ఫ్లెక్స్‌నెట్ ఆక్రమించిందని, దాన్ని తప్పించి వెళ్తున్నానని గ్రబ్ బూట్‌లోడర్ హెచ్చరించేది. సీ డ్రైవ్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ చోటు చెక్కుచెదరదు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టడం సామెతే, ఇక్కడ ఇల్లు కాలినా ఎలుక పునాదిలో క్షేమంగా ఉంటుంది.

అన్ని లోపాలూ లైసెన్సువి కావు. ప్రోగ్రాం తెరుచుకుని, ప్యానెళ్లు మాయమై, టూల్స్ తిక్కగా ప్రవర్తిస్తే అనుమానం ప్రిఫరెన్సుల మీదికి వెళ్లాలి. విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అందులో ప్రోగ్రాంను నడిపితే సంగతి తేలిపోతుంది. అక్కడ బాగా నడిస్తే తప్పు పాత యూజర్ సెట్టింగులదే. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కిపట్టినా, కోరల్‌డ్రా తెరుచుకునేటప్పుడు ఎఫ్8 నొక్కిపట్టినా అవి మొదటి స్థితికి వస్తాయి. ఏమీ చెప్పకుండా మూసుకుపోయే ప్రోగ్రాం ఈవెంట్ వ్యూయర్‌లో జాడ వదులుతుంది. 1000 నంబరు ఎర్రర్ కింద ఏ డీఎల్ఎల్ దగ్గర కూలిందో పేరుతో సహా ఉంటుంది. అది విజువల్ సీ ప్లస్ ప్లస్‌కు చెందినదైతే ఆ రన్‌టైమ్ ప్యాకేజీని తిరిగి వేస్తే చాలు. అడోబీ ప్రోగ్రాం చూపే ఎర్రర్ 16 అంటే సాధారణంగా ఎస్ఎల్‌స్టోర్ ఫోల్డరు పర్మిషన్ల తగాదా. పీఎస్‌డీ ఫైలు డబుల్ క్లిక్‌కు తెరుచుకోకపోవడం అసలు జబ్బే కాదు, డిఫాల్ట్ యాప్ మార్చుకుంటే సరి. రిజిస్ట్రీ క్లీనర్లను మాత్రం దగ్గరికి రానీయకూడదు. మైక్రోసాఫ్ట్ కూడా వాటిని సమర్థించదు.

కారణం వెతికే టైము ఎక్కడిది, ఫార్మాట్ మూడు గంటల్లో అయిపోతుంది కదా అంటారు. ఆ మూడు గంటలు విండోస్ వేయడానికి మాత్రమే. అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ల తరబడి పోగుచేసిన తెలుగు ఫాంట్లు, ప్రింటర్ కలర్ ప్రొఫైళ్లు, ప్లగిన్లు, యాక్షన్లు ఎవరి లెక్కలోకీ రావు. యూనికోడ్ కాని ఫాంటుతో కట్టిన పాత పేజ్‌మేకర్ ఫైలు, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో అర్థంకాని ఇంగ్లిషు అక్షరాల కుప్పగా తెరుచుకుంటుంది. పెళ్లిపత్రిక ఆర్డరు చేతిలో ఉన్నప్పుడు ఆ మూడు గంటలు ఎన్ని రోజులవుతాయో అనుభవమున్న ఏ ఆపరేటరైనా చెప్తాడు.

అంతకు మించిన నష్టం యాక్టివేషన్. అడోబీ పాత లైసెన్సు రెండు కంప్యూటర్లకే చెల్లేది. హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ నొక్కకుండా ఫార్మాట్ చేస్తే ఆ రెండింటిలో ఒకటి వృథాగా ఖర్చయినట్టే. మళ్లీ యాక్టివేట్ చేసుకుందామంటే అవతల సర్వర్ ఉండాలి. సీఎస్2 యాక్టివేషన్ సర్వర్‌ను అడోబీ 2012 చివర్లో ఆపేసి, యాక్టివేషన్ అక్కర్లేని కాపీలు ఇవ్వాల్సివచ్చింది. పాత ప్యాకేజీలన్నిటికీ అలాంటి దయ దక్కుతుందన్న హామీ ఎక్కడా లేదు.

వైరస్ సోకి సిస్టమ్ మొత్తం నమ్మరానిదైతే ఫార్మాట్ న్యాయమే. విండోస్ సొంత ఫైళ్లే చెడి, సిస్టమ్ ఫైల్ చెకర్ కూడా చేతులెత్తేస్తే అప్పుడూ న్యాయమే. ట్రయల్ తీసేశాక ఒక్క ప్రోగ్రాం మొరాయించి, మిగతావన్నీ నడుస్తుంటే ఆ సిస్టమ్‌ను ఫార్మాట్ చేయించనక్కర్లేదు. సలహా ఇచ్చేవారు ముందు ఎర్రర్ సందేశం చదవాలి, సర్వీసుల జాబితా తెరవాలి. ఆ రెండూ చేయకుండానే ఫార్మాట్ అన్నవారికి సిస్టమ్ అప్పగించకండి.