దుర్వార్తల వారము
కోటవురట్ల మండలము కైలాసపట్నం వసతిగృహమున కలుషితాహారము భుజించి ముగ్గురు పసివారు మరణించిరన్న వార్త వినిన రెండు దినములకే, ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఔషధ కర్మాగారమున ద్రావకపు ఆవిరి అంటుకొని 17 మంది అసువులు బాయగా, ఆ కన్నీరు ఆరకమునుపే పరవాడ ఫార్మాసిటీలో మరి నలుగురు కార్మికులు అగ్నికి గురియైన 2024 నాటి ఆ వారమున, విశాఖవాసి హృదయము దేనికని దుఃఖింపగలదు? 1997 నాటి హెచ్.పి.సి.ఎల్. చమురుశుద్ధి కర్మాగారపు అగ్నికీలలను, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురమును కమ్మిన స్టైరీన్ విషవాయువును ఎరిగిన ఊరు గనుక, ఇచట ప్రతి కొత్త వార్తయు పాత గాయమును కెలకియే లోనికి వచ్చును. అందునను గాజువాక, మల్కాపురములలో భర్తయో కొడుకో షిఫ్టునకు పోని గడప అరుదు. అట్టివేళ టెలివిజను ముందు కూర్చుండి అవే మంటలను పదేపదే చూచుట మృతులయెడ మన విధియని అనేకులు తలంతురు, నేనట్లు తలంపను. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల పిమ్మట అమెరికా పరిశోధకులు విచారింపగా, దినమునకు ఆరు గంటలో అంతకు మించియో ఆ వార్తలలో మునిగినవారికి, ఘటనాస్థలమున ఉండినవారికంటెను అధికమైన మనస్తాపము కలిగినట్లు తేలినది. వార్తను ఉదయమొకమారు పత్రికలో పూర్తిగా చదువుడు, పిల్లలడిగినచో దాచక చెప్పుడు, పిదప పరామర్శకు లేచి నడువుడు. చావు జరిగిన యింట మాటలాడక కూర్చుండుటయు పరామర్శయే. నిద్రపట్టనివారు మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఫోను చేసి తెలుగులోనే గోడు చెప్పుకొనవచ్చును, అందు సిగ్గుపడవలసినది లేదు. కోపమును మాత్రము చల్లార్చుకొనవలదు: విచారణసంఘముల సిఫారసులు ఏ కర్మాగారమున ఎంతవరకు అమలైనవో, కెమెరాలు వెడలిపోయిన ఆరు నెలల తరువాత అడుగుటకు అది కావలెను.