బండి మీద అడవి దారిన

ఆదివారం వచ్చిందంటే చాలు, బండి తీసి ఎటైనా వెళ్ళివద్దామనే సరదా ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కనిపిస్తోంది. మగపిల్లలకే కాదండోయ్, మనకీ ఉంది. కాలేజీ రోజుల్లో స్కూటరు నేర్చుకుని, పెళ్ళయ్యాక మానేసిన అమ్మాయిలు ఇద్దరు పిల్లల తల్లులయ్యాక మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంటున్నారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితేనే మహద్భాగ్యం అనుకునేవాళ్ళం. బండి మీద వెళ్తే దారంతా కిటికీయే కదా! చల్లటి గాలి, చింతచెట్ల నీడ, మనుషుల అలికిడి లేని తారురోడ్డు... ఎవరికి చేదు చెప్పండి?

కానీ మనుషులు లేనంత మాత్రాన ఆ రోడ్డు మీద ఎవరూ లేరనుకోకండి. ఈ వారం మనం చెప్పుకోబోయేది వాళ్ళ గురించే. దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు.

శ్రీశైలం దారే తీసుకుందాం. హైదరాబాదు నుంచి వెళ్ళేవాళ్ళు డిండి దాటి మన్ననూరు దగ్గర అడవిలో అడుగుపెడతారు. మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళకు దోర్నాల దగ్గర ఘాట్ మొదలు. మనం దాన్ని మల్లన్న గుడికి పోయే దారి అనుకుంటాం. నిజానికి అది నల్లమల అడవి మధ్య నుంచి పోయే దారి. నాగార్జునసాగర్ - శ్రీశైలం అడవిని 1983లో పెద్దపులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. కృష్ణకు ఇవతల, అవతల అని హద్దులు మనకే గానీ, పులికి తెలియవు కదా!

మన వంటింటికీ నూతికీ మధ్య ఎవరో రోడ్డు వేశారనుకోండి. బిందె పట్టుకుని రోజుకి పదిసార్లు ఆ రోడ్డు దాటక మనకి తప్పుతుందా? అడవి జంతువుల సంగతీ అంతే. ఎండాకాలం వాగులు ఎండిపోతే నీళ్ళ కోసం దాటాలి. అటవీశాఖవాళ్ళు అక్కడక్కడా సాసరు ఆకారంలో సిమెంటు తొట్లు కట్టి నీళ్ళు నింపుతారు, వాటి దగ్గరకూ వెళ్ళాలి. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగులు, దుప్పులు వాటి కోసం తిరుగుతాయి. వానలు పడ్డాక రోడ్డు పక్కన లేతగడ్డి మొలుస్తుంది, దుప్పులు అక్కడే మేస్తాయి. సాయంత్రం చల్లబడ్డాక కూడా తారులో వేడి ఉంటుంది గనుక పాములు దాని మీదకొచ్చి పడుకుంటాయి. ఇవేవీ మనకు అడ్డం రావాలని వచ్చినవి కావు.

అడవి దాకా ఎందుకు? పుట్టింటి పల్లెకు వెళ్ళే పొలాల దారిలో కూడా ఇదే సంగతి. మొక్కజొన్న, వేరుశనగ చేలున్న చోట చీకటిపడితే అడవిపందులు గుంపుగా దిగుతాయి. నెమలి ఉన్నట్టుండి కంచె మీంచి ఎగిరి బండికి అడ్డంగా వస్తుంది. ముంగిస సంగతి సరేసరి, తుర్రుమని దాటేస్తుంది.

ఇంతకీ ఏ వేళప్పుడు భయం ఎక్కువ? చాలా జంతువులు తెల్లవారుజామునా, మునిమాపునా తిరుగుతాయి. వెలుతురు సరిగ్గా ఉండనిదీ అప్పుడే. అందుకే మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను లోపలికి వదలరు. పెద్ద పండగలప్పుడు మార్పులు చేస్తుంటారు కాబట్టి ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. కర్ణాటకలో బందీపూర్ అడవి గుండా పోయే హైవే మీద కూడా 2009 నుంచి రాత్రి 9 మొదలు ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేశారు. ‘గేటు వేసేలోపు దాటేద్దాం’ అని ఎనిమిదిన్నరకు అడవిలో దూరేవాళ్ళుంటారు చూశారూ, వాళ్ళకు గేటు తెరిచే ఉండొచ్చు గానీ దుప్పికి గడియారం ఉండదు.

ఇక్కడ మనతో ముడిపడ్డ సంగతి ఒకటుంది. ఇంటిల్లిపాదీ ఎన్నింటికి బయల్దేరతారన్నది ఎవరి చేతిలో ఉందంటారు? మన వంటింట్లోనే! ఉదయం ఆరింటికని అనుకుంటాం. టిఫిను, డబ్బాలు, పిల్లల స్నానాలు, పాలవాడు, పనిమనిషి... అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. పొద్దున పోయిన ఆ మూడున్నర గంటలూ సాయంత్రం తిరుగు ప్రయాణంలో కలుస్తాయి. అంటే అయిదింటికి అడవి దాటాల్సినవాళ్ళం చీకట్లో అడవి మధ్య ఉంటాం. ఆలస్యమైపోతోందని బండి వేగం పెరుగుతుంది. ఇంట్లో నలుగురూ తలా ఒక పని అందుకుంటే ఈ తిప్పలు ఉండవు. డబ్బాలు సర్దడం మనవారికీ, బూట్లూ నీళ్ళసీసాలూ పిల్లలకూ అప్పజెప్పండి. మొహమాటపడకండి. ఇది సుఖం కోసం అడగడం కాదు, క్షేమం కోసం అడగడం.

వేగం అన్నాను కదా, చిన్న లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటికి జంతువు కనబడి, చెయ్యి బ్రేకు నొక్కేలోపే ఒక సెకను గడిచిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి పొడిరోడ్డు మీద మరో 20 మీటర్ల పైమాటే. మొత్తం 40 మీటర్లు. అదే 40 వేగంలో పోతే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. వేగం మూడోవంతు తగ్గిస్తే ఆగే దూరం సగానికి సగం తగ్గిందన్న మాట! రోడ్డు తడిగా ఉన్నా, ఇసుక ఉన్నా ఈ దూరం ఇంకా పెరుగుతుంది. రాత్రిపూట డిమ్ లైటులో ముందు ఎంత దూరం కనబడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అప్పుడు ఈ లెక్క బాగా తలకెక్కుతుంది.

పైగా మనకు ఎదురయ్యేవి కుందేళ్ళు కాదు. మగ కణితి మూడు క్వింటాళ్ళ వరకు తూగుతుంది. మనుబోతూ బరువులో దానికి పెద్దగా తీసిపోదు. కారులో ఉన్నవాళ్ళకు చుట్టూ ఇనుము ఉంటుంది. బండి మీద మనకు ఉన్నది నెత్తి మీది హెల్మెట్ ఒక్కటే. అది కూడా ముందు కూర్చున్నవారికేనా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ, నడిపేవారైనా వెనక కూర్చునేవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలంటోంది. నాలుగేళ్ళ లోపు చంటివాళ్ళను ఎక్కిస్తే వాళ్ళకు పట్టీల కట్టు, చిన్న హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 నుంచి నిబంధన ఉంది. ‘జడ చెదిరిపోతుంది, పూలు నలిగిపోతాయి’ అంటారేమో. గుడి దగ్గర దిగాక పెట్టుకుంటే పూలకేం కోపం రాదు.

చీరకట్టుతో వెనక కూర్చునేవారు చీరె గార్డు ఉందో లేదో చూసుకోవాలి. పమిట కొంగు చుట్టూ తిప్పి బొడ్లో దోపుకోవాలి. చున్నీ అయితే వెనక్కి ముడి వేసుకోవాలి. దూరప్రయాణమైతే, వీలుంటే, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడమే మేలు. ఒకవైపుకు కూర్చున్నప్పుడు సడన్ బ్రేకు పడితే పట్టు తప్పేది మనకే.

వెనక కూర్చున్న మనకు ఇంకో పని కూడా ఉంది. నడిపేవారి కళ్ళు గుంతల మీదా, మలుపుల మీదా ఉంటాయి. మన కళ్ళు ఖాళీ. రోడ్డుకు రెండు పక్కలా పొదల వైపు చూస్తూ ఉండండి. గడ్డి కదిలినా, చీకట్లో రెండు మిణుకులు మెరిసినా వెంటనే చెప్పండి. చాలా జంతువుల కళ్ళలో వెనకవైపు అద్దంలాంటి పొర ఉంటుంది, లైటు పడితే తళుక్కుమంటుంది. ‘ఏవండీ, కాస్త నెమ్మది’ అనడానికి మనలో చాలామంది జంకుతారు. అంటే విసుక్కుంటారనీ, సరదా పాడవుతుందనీ ఊరుకుంటారు. ఊరుకోకండి. వీపు మీద రెండు తట్లు తడితే ‘ఆపండి’ అని అర్థమని బయల్దేరేముందే మాట అనుకుంటే, గాలిహోరులో అరవాల్సిన పని కూడా ఉండదు.

కిందటి శీతాకాలం ఓ ఉదయం నల్లమలలో మేం వెళ్తుంటే చుక్కల దుప్పి ఒకటి రోడ్డు దాటింది. మావారు బండి ఆపేశారు. దాటేసింది కదా, ఇంకెందుకు ఆగడం అని వెనకనుంచి వచ్చిన కుర్రాళ్ళు హారన్ కొట్టారు. అంతలోనే రెండోది, మూడోది, ఆ వెనక తల్లి వెంట ఓ పిల్ల, మొత్తం ఏడు దాటాయి. కుర్రాళ్ళు హారన్ మీంచి చెయ్యి తీసేశారు. దుప్పులు గుంపుగా బతికే జంతువులు. ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయనే అర్థం. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

రాత్రివేళ లైటు కళ్ళలో పడితే దుప్పి పారిపోదు, కొయ్యబారి నిలబడిపోతుంది. పెద్ద లైటు తగ్గించి, ఆగి, దానికి దారి ఇవ్వాలి. దాన్ని తప్పించబోయి బండిని ఒక్కసారిగా పక్కకు కోస్తే పడేది మనమే. తిన్నగా, గట్టిగా బ్రేకు వెయ్యడమే మంచిది.

ఎలుగుబంటికి చూపూ వినికిడీ అంతంతమాత్రం. వాసన మాత్రం బాగా పసిగడుతుంది. మనం దగ్గరకు వచ్చేదాకా తెలియక, ఉలిక్కిపడి మీదకొస్తుంది. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ, ముచ్చటంతా దూరం నుంచే! పులైనా, చిరుతైనా, ఎలుగైనా సరే, రోడ్డు మీద కనబడితే చాలా దూరంలోనే ఆగండి. ఇంజను ఆపొద్దు, బండి దిగొద్దు, సెల్‌ఫోను తియ్యొద్దు. వెనక బస్సో లారీయో వచ్చేదాకా ఉండి, దాని వెంట వెళ్ళడం క్షేమం.

చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు ఏనుగుల సంగతి వేరే చెప్పాలా? 1980ల్లో పక్క రాష్ట్రాల అడవుల నుంచి అవి ఇటు రావడం మొదలయింది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు కనబడితే హారన్ కొట్టి అదిలించాలని చూడకండి. దూరంగా ఆగి, నెమ్మదిగా బండి వెనక్కి తిప్పుకోండి. చీకటిపడ్డాక ఆ దారిన వెళ్ళాల్సి వస్తే, ఊళ్ళో వాళ్ళను అడిగి మరీ కదలండి. ఏ రాత్రి గుంపు ఎటు ఉందో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక కోతుల సంగతి. ఘాట్ మలుపుల్లో కోతులు వరసగా కూర్చుని ఉంటాయి. ఆంజనేయస్వామి అని అరటిపళ్ళు విసురుతాం. పుణ్యం వస్తుందనుకుంటాం. కానీ ఆ పండు కోసం పిల్లను పొట్టకు కరుచుకుని తల్లికోతి రోడ్డు మీదకు దూకుతుంది. అదే సమయానికి మలుపు తిరిగి బస్సు వస్తుంది. అడవిలో ఆకులూ కాయలూ తిని బతకగలిగినదాన్ని రోడ్డున కూర్చోబెట్టింది మన పళ్ళే కదా! పుణ్యం కావాలంటే ఆ పళ్ళు గుడి దగ్గర ఆకలిగొన్న మనిషి చేతిలో పెట్టండి.

తిండి సంచి హ్యాండిల్‌కు తగిలించకండి. ప్లాస్టిక్ సంచి చప్పుడు వింటే చాలు, కోతి లాక్కుపోతుంది. ఆ గుంజులాటలో బండి పడుతుంది. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, సీటు కిందనో పక్క పెట్టెలోనో ఉంచండి. దారికి పులిహోర, పూరీ, మెంతికారం వేసిన చపాతీ బాగుంటాయి. అడవిలో బండి ఆపి తినడం మాని, చెక్‌పోస్టు ముందో, అడవి దాటాకో తినండి. విస్తళ్ళు, సంచులు మళ్ళీ ఇంటికే తెచ్చుకోండి. అన్నం వాసనకు ప్లాస్టిక్ సంచితో సహా మింగేస్తాయి పాపం మూగజీవాలు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ప్రమాదం జరగవచ్చు. అప్పుడు ముందు మనుషుల్ని రోడ్డు పక్కకు చేర్చండి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే వాళ్ళ హెల్మెట్ లాగి తియ్యకండి. 108కి ఫోను చెయ్యండి. అడవి మధ్యలో ఫోను పనిచెయ్యకపోవచ్చు, వచ్చే బస్సును ఆపి చెక్‌పోస్టుకు కబురు పంపండి. దెబ్బతిన్న జంతువు దగ్గరకు జాలితో నీళ్ళు పట్టుకుని వెళ్ళకండి. నొప్పితో ఉన్న అడవిపంది, కణితి ఎవరినైనా పొడిచేస్తాయి. దాని సంగతి అటవీశాఖవాళ్ళు చూసుకుంటారు.

ఇన్ని చెప్పానని అసలు వెళ్ళడమే మానుకునేరు! పొద్దుటి మంచులో చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తుంచి పడేస్తుంటే, కింద దుప్పులు ఏరుకు తినడం చూశారా ఎప్పుడైనా? పులి జాడ తెలిస్తే పై నుంచి కొండముచ్చు అరుస్తుంది, కింద దుప్పులు చెవులు నిక్కిస్తాయి. ఇరుగుపొరుగు అంటే అలా ఉండాలి! టీవీలో ఎంత చూపించినా, బండి ఇంజను ఆపేసిన ఆ నిశ్శబ్దంలో మన పిల్లలు చూసే చూపు వేరు.

వచ్చే ఆదివారం వెళ్తున్నారా మరి? అయితే శనివారం రాత్రే చింతపండు నానేసి, పులుసు ఉడికించి పెట్టేసుకోండి. పొద్దున్నే అన్నం వార్చి కలపడమే మిగులుతుంది. ఆరింటికల్లా బండి గుమ్మం ముందు ఉంటుంది.