వేసవి చేప – మంచు ఖర్చు

ఏటేట మృగశిరకార్తె ప్రవేశించునప్పుడు హైదరాబాదునగరమున చేపలకు గిరాకి హెచ్చును. దానిని నమ్మి సంఘసభ్యులు మిట్టమధ్యాహ్నమున వలలాగి, చేపను కట్టమీద కుప్పబోసి, ముషీరాబాదు బజారుబండికై కాచియుండుట మేము పలుమారు చూచితిమి. సాయంకాలమునకు కండ మెత్తబడును, వ్రేలితో నొక్కిన పల్లము మరల పూడదు, ధర పడిపోవును. అంతట వర్తకుని దూషింతురు. తప్పు వర్తకునిది కాదని మా అభిప్రాయము.

చేపకు పెరిగిన నీటివేడియే ఒంటివేడి. నేడు ఇండ్లనడుమ చిక్కిన కాప్రా చెరువు మొదలు దూరపు పల్లెకుంటలవరకు, ఎండకాలమున పైనీరు 30 డిగ్రీల సెంటిగ్రేడు చేరుట సామాన్యము. ఆ వేడిలో కండలోని ఎంజైములు చురుకుగా పనిచేయును. ప్రాణము పోయినపిదప అవియే కండపోగులను తెంపును. వేడి తగ్గించనిచో వాని పని నిలువదు.

అయినను ఈ వెచ్చని నీటివలన మనకొక మేలును గలదు. చలినీటి చేపమీది సూక్ష్మజీవులు చలికి అలవాటుపడినవి గనుక మంచులోను వృద్ధిపొందును. మన చేపలమీదివానిలో పెక్కు మంచునందు మందగించును. కావుననే బొచ్చె, రవ్వ చేపలు వెంటనే మంచునబెట్టినచో రెండువారములవరకు నిలువగలవు. కొల్లేటిప్రాంతపు చేప లారీలలో హౌరావరకు పోవుట ఈ మంచుబలముననే.

ఒక హెచ్చరిక. నీటివేడికిని నిలువచలికిని భేదము హెచ్చినకొలది చేప త్వరగా బిగుసుకొనునని జపాను శాస్త్రజ్ఞులు బంగారుతీగ చేపలపై పరీక్షించి 1991లో ప్రకటించిరి. కావున మంచునబెట్టునప్పుడే చేపను చక్కగా పరుపవలెను. బిగిసినదానిని బలిమిని వంచినచో కండ చీలును. వలలో పెనుగులాడి అలసిన చేపయు త్వరగా బిగియును.

“మంచుకు రొక్కమెక్కడిది?” అని సభ్యులడుగుదురు. లెక్కకు ఒక కిలో మంచు రమారమి మూడు కిలోల చేపను చల్లార్చును. దారిలో కరుగుదానిని గూర్చికొని, చేప ఒకపాలు మంచు ఒకపాలు వేయుట క్షేమము. ఒక్కని కిది భారమే, సంఘమునకు గాదు. కొరమీనును సజీవముగ అమ్ముదుము గనుక దానికింత చిక్కు లేదు. తక్కిన చేపలకు మంచే ప్రాణము.

కావున రాబోవు సర్వసభ్యసమావేశమున రెండు తీర్మానములు కావలెను: వల తెల్లవారుజామున లాగుట, మంచు కట్టకు రానిదే వల నీట దింపకుండుట. చెరువునీటిని మనము చల్లబరుపజాలము. పట్టిన చేపను చల్లబరుచుట మాత్రము మన చేతిలోని పనియే.